ముఖం చూపకుండా మనిషిని చూపడం ఎలా? (నెల్లూరు డాక్యుమెంటరీకి సలహా కావాలి)

పెన్నా_ఒడ్డు
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా కాసేవాళ్ల మీద ఒకటి, మైపాడు జాలర్ల మీద ఒకటి, ఇంతకుముందు రెండు చిన్న డాక్యుమెంటరీలు తీశాను. మా జిల్లాలోనూ పక్కనున్న ప్రకాశం జిల్లాలోనూ స్వలింగ ప్రేమికులు పడుతున్న అవమానాల గురించి మూడోది తీయాలని ఏడాదిగా తిరుగుతున్నాను. నిడివి 40 నిమిషాలు ఉండొచ్చు.

దీనికి కారణం నా స్నేహితుడు. డిగ్రీ మూడేళ్లూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. చదువు ముగిసిన ఎనిమిదేళ్లకు, ఒక సంక్రాంతికి కలిసినప్పుడు, తన సంగతి చెప్పాడు. ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదని నొచ్చుకున్నాను. "ఆ రోజు నువ్వు కూడా నవ్వావు కదా" అన్నాడు. క్యాంటీన్‌లో ఎవరో ఒక జూనియర్‌ను చూసి "తేడా" అన్నారట. బల్ల చుట్టూ ఉన్న మేమంతా నవ్వామట. నాకు ఆ సంఘటనే గుర్తు లేదు. అతనికి ఆ రోజు నేను వేసుకున్న చొక్కా రంగు కూడా గుర్తుంది.

ఇప్పటికి ఆరుగురు పురుషులు, ఇద్దరు స్త్రీలు మాట్లాడటానికి ఒప్పుకున్నారు. ఎనిమిది మందీ పెట్టిన షరతు ఒక్కటే: ముఖం కనబడకూడదు. ముఖం మసకబార్చి, గొంతు మార్చి ఒక దృశ్యం సిద్ధం చేసి చూసుకున్నాను. టీవీలో నేర వార్తల మధ్య నిందితుణ్ణి చూపినట్లే ఉంది. ఏ తప్పూ చేయని మనిషిని నేనే దొంగను చేశాననిపించి చెరిపేశాను.

ఇలాంటి సినిమాలు తీసినవారు, ఇలాంటి బతుకు బతికినవారు ఎవరైనా సరే, మీకు తోచింది చెప్పండి.


కావలి_స్టూడియో
సోమవారం, రాత్రి 10:15

పందొమ్మిదేళ్లుగా పెళ్లి వీడియోలు తీస్తున్నాను. ముఖం దాచినంత మాత్రాన మనిషి దాగినట్లు కాదు తమ్ముడూ. మా ఊళ్లో నడకను బట్టి, బండిని బట్టి, గేటు రంగును బట్టి ఎవరిదో చెప్పేస్తారు. వెనక గుడి మైకు వినబడితే ఏ వీధో తెలిసిపోతుంది. చేతికి కట్టుకున్న దారం, ఉంగరం, మోచేతి మీద మచ్చ, గోడ మీద క్యాలెండర్‌లో కొట్టు పేరు, ఇవన్నీ ఊరికి సాక్ష్యాలే. ముందు వాళ్ల ఇళ్లలో చిత్రీకరించడం మానెయ్యి. వాళ్లకు సంబంధం లేని ఊళ్లో ఒక గది తీసుకో.

ఇంకొకటి చెప్పాలా వద్దా అని అరగంట ఆలోచించాను. కొన్నేళ్ల క్రితం ఒక పెళ్లి తీశాను. ఏ ఊరో చెప్పను. జీలకర్ర బెల్లం అయ్యేదాకా పెళ్లికొడుకు చూపు మూడో వరసలో కూర్చున్న ఒక స్నేహితుడి మీదే ఉంది. తలంబ్రాలకు ముందే ఆ కుర్రాడు లేచి వెళ్లిపోయాడు. వారం తర్వాత పెళ్లికొడుకు ఒక్కడే స్టూడియోకు వచ్చాడు. "అన్నా, ఆ అబ్బాయి ఉన్న ఫొటోలు ఆల్బమ్‌లో వెయ్యొద్దు. విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లో నాకివ్వు" అన్నాడు. ఇచ్చాను. ఏమీ అడగలేదు. అతను డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ ఫైళ్లు నా కంప్యూటర్‌లో ఉంచుకోవడం తప్పనిపించి అదే రోజు తీసేశాను.


మైపాడు_అల
సోమవారం, రాత్రి 11:02

కావలి అన్నా, మీరు ఆ ఫైళ్లు తీసేసినందుకు, ఎవరో తెలియకపోయినా ఆ అబ్బాయి తరఫున కృతజ్ఞతలు చెబుతున్నాను.

నేను గేని. పుట్టి పెరిగింది నెల్లూరులో, ఇప్పుడు ఉంటున్నది చెన్నైలో. ఊరు విడిచిపెట్టింది ఉద్యోగం కోసమేనని మా బంధువులంతా అనుకుంటున్నారు. అసలు సంగతి ఇల్లు దొరకకపోవడం. నేనూ నా భాగస్వామీ పన్నెండు ఇళ్లు చూశాం. బ్యాచిలర్లకు ఇవ్వమన్నవాళ్లే ఎక్కువ. చివరికి పిన్నమ్మ కొడుకులమని అబద్ధం చెప్పి ఒక మేడ మీద భాగంలో దిగాం. మూడు నెలలకు నీళ్ల ట్యాంకు చూడటానికి పైకి వచ్చిన ఇంటి యజమాని, గదిలో మంచం ఒక్కటే ఉండటం చూశాడు. అప్పుడేమీ అనలేదు. సాయంత్రం ఆయన భార్య మా వాకిట్లో ఆరేసిన బట్టలు తీసి మెట్ల మీద పెట్టింది. పదిహేను రోజుల్లో ఖాళీ చేశాం. అడ్వాన్సులో సగం తిరిగి రాలేదు, అడిగే ధైర్యమూ లేకపోయింది.

డాక్యుమెంటరీ తీసేవారికి నా మనవి: కొట్టారా, ఇంట్లోంచి గెంటేశారా అనే ప్రశ్నలతోనే ఆగిపోకండి. నన్ను ఎవరూ కొట్టలేదు. మెట్ల మీద మడతపెట్టి ఉన్న ఆ బట్టలను మీ కెమెరా చూపగలదా?


సంప్రదాయం_ముఖ్యం
మంగళవారం, ఉదయం 6:30

ఎవరినీ నొప్పించాలని కాదు. ఇవన్నీ పరాయి దేశాల నుంచి వచ్చిన పోకడలని నా నమ్మకం. నాకు పదిహేనేళ్ల కొడుకు ఉన్నాడు. ఇలాంటి సినిమాలు చూస్తే పిల్లలు అటు మళ్లుతారని భయం. మన కుటుంబ వ్యవస్థను కాపాడుకోవడం తప్పా?


నిర్వాహకులు
మంగళవారం, ఉదయం 7:10

పై వ్యాఖ్య కింద వచ్చిన రెండు సమాధానాలను బూతుల వల్ల తొలగించాం. ఆ సభ్యుని భయానికి జవాబు చెప్పండి, తిట్టకండి.


వకీలు_నెల్లూరు
మంగళవారం, ఉదయం 8:25

పరాయి దేశం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక చరిత్ర చెబుతాను. ఇద్దరు పురుషుల ప్రేమను నేరంగా చూసిన 377వ సెక్షన్ బ్రిటిష్ పాలకులు 1860లో రాసిన శిక్షాస్మృతిలోనిది. పదేళ్ల దాకా జైలు, లేదా యావజ్జీవం. ఢిల్లీ హైకోర్టు 2009 జులై 2న దాని కోరలు పీకింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చివరికి 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, వయోజనులు ఇష్టపూర్వకంగా ఏకాంతంలో కలిసి ఉండటం నేరం కాదని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షన్‌కు సమానమైనదే లేదు.

ఇంకా రానిది వివాహ హక్కు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు దాన్ని గుర్తించడానికి నిరాకరించి, విషయం చట్టసభలకు వదిలింది. అయితే ఇద్దరూ ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఆంక్ష ఏదీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. మన రాష్ట్ర హైకోర్టు కూడా 2024 డిసెంబరులో, కలిసి బతకాలనుకున్న ఇద్దరు యువతుల పక్షాన నిలిచి, వారి జీవితంలో తల్లిదండ్రులు జోక్యం చేసుకోకూడదని ఆదేశించింది. మైపాడు_అల గారూ, మీకు ఇల్లు అద్దెకు ఇవ్వాలని ఒక ప్రైవేటు యజమానిని బలవంతపెట్టే చట్టం లేదు. అడ్వాన్సు మాత్రం మీ డబ్బే, అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇక సినిమా గురించి. పద్దెనిమిదేళ్లు నిండనివారిని ఎట్టి పరిస్థితిలోనూ చిత్రీకరించవద్దు. ప్రతి ఒక్కరి దగ్గరా రాతపూర్వక సమ్మతి తీసుకోండి, కానీ ఆ కాగితంలో అసలు పేరు ఉంటుంది కాబట్టి చిత్రాలున్న డిస్కుతో కలిపి పెట్టవద్దు. కాగితాలు ఒక ఊళ్లో, డిస్కు ఒక ఊళ్లో ఉండాలి. మనసు మారితే ఫలానా తేదీ లోపల తప్పుకోవచ్చు, ఎందుకని ఎవరూ అడగరు అనే వాక్యం తప్పకుండా రాయండి. ఎవరైనా "నీ సంగతి మీ ఇంట్లో చెబుతాను" అని డబ్బు గుంజుతుంటే అది బలవంతపు వసూలు, న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం. అలాంటివాళ్లు నా దగ్గరికి వస్తారు. అందరూ మొదట అడిగేది ఒకటే, "ఫిర్యాదు చేస్తే మా నాన్నకు తెలుస్తుందా?"

సినిమా హాల్లో గానీ బహిరంగంగా గానీ ప్రదర్శించాలంటే 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ ధ్రువపత్రం కావాలి. ఈ అంశం మీద తీస్తే ప్రభుత్వం ఊరుకుంటుందా అనే అనుమానం అక్కర్లేదు. 377వ సెక్షన్ కింద నలిగినవారి మీద తీసిన 'బ్రేకింగ్ ఫ్రీ' అనే డాక్యుమెంటరీకి ఎడిటింగ్‌లో జాతీయ పురస్కారం వచ్చింది.


ఎడిటింగ్_బల్ల
మంగళవారం, మధ్యాహ్నం 1:45

హైదరాబాద్‌లో ఎడిటర్‌ని, మా అమ్మమ్మగారి ఊరు టంగుటూరు.

మొదట గొంతు సంగతి. యంత్రంతో స్థాయి మార్చిన గొంతును తిరిగి అసలు గొంతుకు దగ్గరగా తేవచ్చు. దాన్ని నమ్ముకోవద్దు. పైగా యాస అలాగే ఉంటుంది, మాట విరుపు అలాగే ఉంటుంది, ఇంట్లోవాళ్లు పట్టేస్తారు. ఫోనుతో తీస్తే స్థలం వివరాలు ఫైలులోనే నమోదవుతాయి, ముందు అది ఆపేయండి.

ముఖం విషయంలో ఒక మేలైన ఉదాహరణ ఉంది. రష్యాలోని చెచ్న్యాలో స్వలింగ ప్రేమికులను పట్టుకుని హింసించినప్పుడు, వారిని దేశం దాటించినవాళ్ల గురించి డేవిడ్ ఫ్రాన్స్ 2020లో 'వెల్‌కమ్ టు చెచ్న్యా' తీశాడు. అందులో మసకలు లేవు. స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన వేరే మనుషుల ముఖాలను కంప్యూటర్ సాయంతో బాధితుల ముఖాలకు అతికించారు. కళ్లలో నీళ్లు, పెదవి వణుకు అన్నీ అసలువే, ముఖం మాత్రం అరువుది. ఒక యువకుడు తన అసలు పేరుతో ఫిర్యాదు చేయడానికి విలేకరుల ముందు కూర్చున్న చోట ఆ అరువు ముఖం కరిగిపోయి అతని సొంత ముఖం కనబడుతుంది. ఆ దృశ్యం చూసి నేను ఎడిటింగ్ గదిలో లేచి నిలబడ్డాను.

ఆ పని మనకు అందని ఖర్చు. కానీ ఆలోచన అందుతుంది. ఎనిమిది మంది మాటలను ఉన్నవి ఉన్నట్లు రాసుకుని, ఊరు తెలిపే వివరాలు వాళ్లతోనే కొట్టేయించి, వేరే ఎనిమిది మంది చేత చదివించండి. ఇవి అరువు గొంతులు అని సినిమా మొదట్లోనే ప్రేక్షకులకు చెప్పండి. దాచి చేస్తే మోసం, చెప్పి చేస్తే మర్యాద.


ఒంగోలు_మాస్టారు
మంగళవారం, సాయంత్రం 5:20

ముప్పయి నాలుగేళ్లు బడిపంతులుగా పనిచేశాను. నాకు ఈ ప్రయత్నం అంతగా నచ్చడం లేదు. ఇలాంటి విషయాలు ఎవరి ఇంట్లో వారు గుట్టుగా చూసుకోవాలి. పదిమందిలో పెడితే ఆ పిల్లలకే మరింత నష్టం. మంచి ఉద్దేశంతో మొదలైన సినిమా చివరికి ఊరికి ఒక తమాషాగా మిగులుతుందని నా అభిప్రాయం.


మైపాడు_అల
మంగళవారం, సాయంత్రం 6:05

మాస్టారు గారూ, గుట్టు మాకు కొత్త కాదు. నేను ఇరవై ఆరేళ్లు గుట్టుగానే ఉన్నాను. దాని వల్ల ఎవరికి మేలు జరిగిందో మీరే చెప్పండి.


రెండో_సంతకం
మంగళవారం, రాత్రి 9:15

కావలి స్టూడియో అన్నయ్య చెప్పిన పెళ్లి సంగతి చదివి నిన్న రాత్రి నిద్రపోలేదు. ఆ పెళ్లికొడుకు గురించి అందరికీ జాలి కలిగింది. నాకూ కలిగింది. కానీ పక్కన కూర్చున్న పెళ్లికూతురి గురించి ఒక్కరూ అడగలేదు.

నేను అలాంటి పెళ్లికూతురిని. నాలుగేళ్లు కాపురం చేశాను. అతను చెడ్డవాడు కాదు, ఒక్క రోజు కూడా గట్టిగా మాట్లాడలేదు. పెళ్లికి ముందే తన తల్లిదండ్రులకు ఉన్నదున్నట్లు చెప్పాడట. "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అన్నారట. ఆ మాట నాకు విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టిన రోజు తెలిసింది. ఈ నాలుగేళ్లూ లోపం నాలోనే ఉందని ఆసుపత్రులు తిప్పారు, ఉపవాసాలు చేయించారు, తడి బట్టలతో ప్రదక్షిణలు చేయించారు. నాలో లోపం లేదని ఇంట్లో ముగ్గురికి తెలుసు. ముగ్గురూ నోరు విప్పలేదు.

సినిమాలో మాట్లాడటానికి నేను సిద్ధమే. ముఖం చూపడానికి నాకు భయం లేదు. అయితే నా ముఖం కనబడిన మరుక్షణం ఊళ్లో అందరూ అతనెవరో తెలుసుకుంటారు. అతనికి చెడు జరగాలని నేను కోరుకోవడం లేదు. నా కథ చెప్పుకోవడానికి కూడా అతని అనుమతి అడగాల్సి రావడం ఏమి న్యాయమో నాకు తెలియదు. నేనేం చేయాలి?


పెన్నా_ఒడ్డు
మంగళవారం, రాత్రి 10:48

అమ్మా, మీ మాటలు చదివాక నా స్క్రిప్టు పక్కన పెట్టేశాను. ఒకరి ముఖం ఇంకొకరి గుట్టు అవుతుందనే ఆలోచన నాకు ఇంతవరకూ రాలేదు. మీకు జవాబు చెప్పడానికి నాకు కొంచెం సమయం ఇవ్వండి.


ఒంగోలు_వైద్యురాలు
బుధవారం, ఉదయం 7:55

నేను మానసిక వైద్యురాలిని. కొడుకును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి "దీనికి మందు రాయండి" అనే తల్లిదండ్రులు నాకు కొత్త కాదు. రాయడానికి మందు లేదు, ఎందుకంటే జబ్బు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. భారత మనోవైద్యుల సంఘం 2018లో ఇది జబ్బు కాదని ప్రకటించింది. మారుస్తామని చెప్పి చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. అయినా మారుస్తామనేవాళ్ల దగ్గరికి తిరిగి తిరిగి, నీరసించి నా దగ్గరికి వచ్చిన పిల్లలను చూశాను. ఒకబ్బాయికి ఆరు నెలలు నిద్రమాత్రలు మింగించారు.

సంప్రదాయం_ముఖ్యం గారికి: సినిమా చూసి ఎవరూ అటు మళ్లరు. ఇన్నేళ్లుగా మన పిల్లలందరూ చూసినవి ఆడా మగా ప్రేమకథలే కదా. ఈ పిల్లలు కూడా అవే చూసి పెరిగారు. మీ అబ్బాయి విషయంలో మీరు భయపడాల్సింది వేరే ఉంది. రేపు వాడు ఏ సంగతైనా చెప్పాలనుకుంటే, మీ దగ్గరికి రాగలడా?

పెన్నా_ఒడ్డు గారికి: బాధ చెప్పించేటప్పుడు జాగ్రత్త. వెలుతురు సరిపోలేదనో, బయట బండి శబ్దం వచ్చిందనో ఏడ్చిన మాట మళ్లీ చెప్పమని అడగవద్దు. సంభాషణను గాయం దగ్గర ముగించవద్దు, అన్నం దగ్గరకో, పని దగ్గరకో, ఇష్టమైన మనిషి దగ్గరకో తీసుకొచ్చి ఆపండి. ఆ రాత్రి వాళ్లు ఒంటరిగా ఉండకుండా చూడండి. సినిమా చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416 వేయండి, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు.


సంప్రదాయం_ముఖ్యం
బుధవారం, ఉదయం 9:30

డాక్టరు గారూ, మీ ప్రశ్నకు జవాబు నాకు నేను చెప్పుకోవాలి. నా అభిప్రాయం అంత త్వరగా మారదు. అయితే ఒక మాట. ఆత్మకూరు దగ్గర పల్లెలో ఉన్న మా అమ్మకు మీరు వాడే పదాలు ఒక్కటీ అర్థం కావు. ఆమెకు తెలిసింది "తేడా" ఒక్కటే. అది తిట్టయితే, బదులుగా ఏమనాలో మీ సినిమాలో చెప్పండి.


మైపాడు_అల
బుధవారం, ఉదయం 10:12

ఈ ప్రశ్న అడిగినందుకు మీకు నిజంగా కృతజ్ఞుణ్ణి. పత్రికలు రాసే "స్వలింగ సంపర్కుడు" నాకు నచ్చదు. సంపర్కం అనగానే నన్ను పడకగదిలోకి తోసి తలుపు వేసినట్లుంటుంది. మా నాన్నను ఎవరూ "పరలింగ సంపర్కుడు" అని పరిచయం చేయరు కదా. "స్వలింగ ప్రేమికుడు" కొంత నయం, కానీ పుస్తకంలో మాట. గే అనే మాటను బస్సు, ఫోను లాగా తెలుగులో కలుపుకుంటే నాకు అభ్యంతరం లేదు. చాలామంది మమ్మల్నీ హిజ్రాలనూ ఒకటే అనుకుంటారు, అది కూడా సినిమాలో విడదీసి చెప్పాలి. వాళ్ల పోరాటం వేరు, సుప్రీంకోర్టు 2014లోనే వాళ్లను తృతీయ లింగంగా గుర్తించింది. నేను మగవాణ్ణే. నా మనసు మగవాడి మీదికి వెళ్తుంది, అంతే.


ఇద్దరు_బిడ్డల_తల్లి
బుధవారం, మధ్యాహ్నం 3:00

నేను పెద్దగా రాయలేను, మా అమ్మాయి టైపు చేస్తోంది.

మా అబ్బాయి నాతో చెప్పినప్పుడు ఏ పదమూ వాడలేదు. "అమ్మా, నాకు ఆడపిల్లల మీద ఆ మనసు కలగదు, మగవాడి మీదే కలుగుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే" అన్నాడు. నాకు అర్థమయింది. మీ అమ్మగారికీ అర్థమవుతుంది నాయనా.

అర్థం కావడం వేరు, ఒప్పుకోవడం వేరు. నేను ఒప్పుకోవడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువుకు వెళ్లి, నీళ్లలో నిలబడి పెళ్లి రొట్టె అడిగి తీసుకున్నాను. మూడుసార్లూ ఇంటికి తెచ్చి వాడికి ముక్క పెట్టాను. వాడు ఏమీ అనకుండా తిన్నాడు. నా మొక్కు తీరడం కోసం తింటున్నానని మూడో ఏడు చెల్లెలితో అన్నాడట. ఆ రోజు నుంచి నేను పెళ్లి ఊసెత్తలేదు.


కావలి_స్టూడియో
బుధవారం, మధ్యాహ్నం 3:40

తమ్ముడూ పెన్నా_ఒడ్డు, నీకు కావలసినది అమ్మ చెప్పింది, చూశావా? ఏటా మొహర్రంలో బారాషహీద్ దర్గా దగ్గర ఆ చెరువులో లక్షల చేతులుంటాయి. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, సంతానం రొట్టె. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. ఏ మతమని ఎవరూ అడగరు. అక్కడ చేతులు మాత్రమే తీస్తే ఎవరినో దాచినట్లు ఉండదు, ఎందుకంటే అక్కడ అందరూ చేతులే. నీ ఎనిమిది మంది మాటలు ఆ చేతుల మీద వినిపించు.


ఎడిటింగ్_బల్ల
బుధవారం, సాయంత్రం 4:20

కావలి అన్నా, నేను ఇరవై ఏళ్లుగా ఎడిటింగ్ చేస్తున్నాను. ఇంత మంచి సలహా నాకు తట్టలేదు.


ఒంగోలు_మాస్టారు
బుధవారం, రాత్రి 11:30

నిన్న నేను రాసిన మాటలు వెనక్కి తీసుకోవడానికి వచ్చాను. దానికి ముందు ఒకటి చెప్పాలి.

1994లో ఒక వసతి గృహానికి బాధ్యుడిగా ఉన్నాను. పదో తరగతి చదివే ఇద్దరు పిల్లలు రాత్రి ఒకే దుప్పటి కింద పడుకున్నారని మిగతా పిల్లలు వచ్చి చెప్పారు. నేను ఇద్దరినీ ప్రార్థన సమయంలో అందరి ముందు నిలబెట్టి బెత్తంతో కొట్టాను. వాళ్ల మధ్య ఉన్నది ప్రేమో, చలో నాకు ఈనాటికీ తెలియదు, నేను అడగలేదు. అందులో ఒకడు లెక్కల్లో నా బడి మొత్తంలో మొదటివాడు. మర్నాడు పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. పరీక్ష రాయలేదు. తర్వాత చీమకుర్తి క్వారీల్లో పనికి కుదిరాడని విన్నాను. వెళ్లి చూసిరావాలని ముప్పయ్యేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను, ఒంగోలు నుంచి గంట దూరం కూడా లేదు.

గుట్టుగా ఉండాలని నిన్న అన్నాను. ఆ పిల్లల గుట్టు రట్టు చేసింది నేనే.

బాబూ, ఆ ఎనిమిది మంది ముఖాలు చూపకపోయినా పర్వాలేదు. నా ముఖం చూపించండి. నా పేరు వేయండి. కెమెరా ముందు కూర్చుని ఇదే మాట చెబుతాను. నా శిష్యులు ఈ రెండు జిల్లాల్లో వేలమంది ఉన్నారు, వాళ్లు చూడాలి.


మైపాడు_అల
గురువారం, అర్ధరాత్రి 12:20

మాస్టారు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కోపం వచ్చింది, ఇంకా పోలేదు. అయినా మీరు మాట్లాడాలి.


ఎడిటింగ్_బల్ల
గురువారం, ఉదయం 8:00

మాస్టారి మాటతో గుర్తొచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలక సభకు తాను గేనని బహిరంగంగా చెప్పుకుని ఎన్నికై, 1978లో హత్యకు గురైన హార్వే మిల్క్ మీద 1984లో వచ్చిన డాక్యుమెంటరీకి ఆస్కార్ దక్కింది. అందులో కదిలించేవాళ్లలో ఒకరు కార్మిక సంఘం మనిషి. స్వలింగ ప్రేమికుల పట్ల తనకు ఉన్న చిన్నచూపును, అది ఎలా పోయిందో ఆయనే తన ముఖంతో, తన పేరుతో చెబుతాడు. వివక్షను చూపాలంటే దాన్ని పడ్డవాళ్లే ముందుకు రావాలని ఎక్కడా లేదు. చేసినవాళ్లు రావచ్చు.


పెన్నా_ఒడ్డు
గురువారం, రాత్రి 9:10

మూడు రోజుల క్రితం నేను అడిగిన ప్రశ్నే తప్పుగా ఉందని ఇప్పుడు అర్థమయింది. ఎవరి ముఖం దాచాలా అని ఆలోచించాను. ఎవరి ముఖం చూపాలో ఆలోచించలేదు.

సినిమా ఇలా ఉంటుంది. ఎనిమిది మంది మాటలు అరువు గొంతుల్లో, చేతుల మీద, ఖాళీ మెట్ల మీద, మడతపెట్టిన బట్టల మీద వినబడతాయి. ముఖాలు మాత్రం ఊరివి. మాస్టారు ఇప్పటికే మాట ఇచ్చారు. ఒక ఇంటి యజమాని, పెళ్లి సంబంధాలు చూసే ఒక పెద్దమనిషి, క్యాంటీన్ బల్ల దగ్గర నాతో పాటు నవ్విన వాళ్లలో ఇద్దరు, వీళ్లను అడుగుతున్నాను. అందరికంటే ముందు నేను కూర్చుంటాను. నా స్నేహితుడి ప్రశ్న అతని గొంతులోనే కావాలని అడిగాను. ఆలోచించి చెబుతానన్నాడు. వద్దంటే వద్దు.

రెండో_సంతకం గారూ, మీ కథకు జవాబు దొరికిందని చెప్పలేను. మీ మాటలు మీకు నచ్చిన గొంతులో ఉంటాయి. ఆయనకు చెప్పాలా వద్దా అనేది పూర్తిగా మీ ఇష్టం. చివరి కూర్పు ముందు మీరే చూస్తారు, మీరు తీసేయమన్న ప్రతి మాటా తీసేస్తాను.


రెండో_సంతకం
గురువారం, రాత్రి 9:55

అతనికి ఈ రోజు ఫోను చేశాను. రెండేళ్ల తర్వాత. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. "చెప్పు, ఏదీ దాచకుండా చెప్పు. మా అమ్మానాన్నలు అన్న మాట కూడా చెప్పు" అన్నాడు. ఊరు పేరు మాత్రం వద్దన్నాడు. నా మాటలు మా పిన్నికూతురు చదువుతుంది, ఆమె గొంతు నాకు ఇష్టం.


ఇద్దరు_బిడ్డల_తల్లి
శుక్రవారం, ఉదయం 6:45

ఈసారి రొట్టెల పండుగకు నేను వెళ్తున్నాను. ఏ రొట్టె అడగాలని ఫోనులో మా వాణ్ణే అడిగాను. చాలాసేపు నవ్వాడు. తర్వాత, "ఇంటి రొట్టె తీసుకో అమ్మా. మా ఇద్దరికీ అద్దెకిచ్చేవాళ్లు దొరకడం లేదు, చిన్నదైనా సొంత ఇల్లు కట్టుకుంటాం" అన్నాడు. ఇల్లు కట్టుకున్నవాళ్లు ఎవరైనా వస్తే వాళ్ల చేతి నుంచి పుచ్చుకుంటాను. నా చేతులు తీసుకోవచ్చు బాబూ. గాజులు మార్చుకుని వస్తాను, ఇవి మా వీధిలో అందరికీ తెలుసు.


కావలి_స్టూడియో
శుక్రవారం, ఉదయం 7:20

అమ్మా, నేను నీళ్లలో దిగి తీస్తాను. కెమెరాకు తడి తగలని కవరు ఉంది. తెల్లవారుజామున వస్తే రద్దీ తక్కువ, వెలుతురు బాగుంటుంది. మా ఇంటావిడ పోయినేడు ఇల్లు పూర్తయిందని మొక్కు ఇంకా చెల్లించలేదు. రొట్టెలు చేయించి తనను కూడా తీసుకొస్తాను.